ప్రార్థనలోకి పార్టీ వస్తే ఆమేన్ ఎవరు చెప్పాలి?

ప్రశ్న: "మాది క్రైస్తవ కుటుంబం. నాన్నగారిది ఒక పార్టీ, నాది ఇంకోటి. 'విశ్వాసివైతే ఈ పార్టీకే ఓటెయ్యాలి' అంటారు. 2024 ఎన్నికలు అయిపోయినా ఇంట్లో గొడవ ఆగలేదు. ఏం చెయ్యాలి?"

మీ ఇంట్లో గొడవ బైబిలు వాక్యం గురించి కాదు. వాక్యం చేతికర్ర, ఎవరికి దొరికితే వాళ్లు ఊపుతున్నారు, అంతే. తన పార్టీ గెలిస్తే నాన్నగారు రోమా 13 తీస్తారు, పై అధికారులకు లోబడమని. ఓడిపోయిన మర్నాడు అదే వేలు అపొస్తలుల కార్యములు 5:29 మీదికి పోతుంది, మనుషులకు కాదు దేవునికే లోబడాలని. మీరేమో కీర్తన 146 చదువుతారు, రాజులను నమ్ముకోవద్దని. మీ నాయకుడి సభకి మాత్రం సెలవు పెట్టి మరీ వెళ్తారు. ఆంధ్రాలో ఏ క్రైస్తవుల ఇంటికెళ్లినా ఇదే తంతు.

ఇక విశ్వాసుల పార్టీ అంటారా, దానికి కడప ఒక్కటి చాలు. 2024లో కడప లోక్‌సభకి వైఎస్సార్‌సీపీ నుంచి అవినాష్ రెడ్డి, కాంగ్రెస్ నుంచి షర్మిల. ఒకే కుటుంబం. షర్మిల భర్త సువార్తికుడు. బైబిలు చేతిలో లేకుండా సభకి రాని విజయమ్మ 2022 జూలైలో కొడుకు జగన్ పార్టీ గౌరవాధ్యక్ష పదవి వదులుకున్నారు, 2024 పోలింగ్ ముందు కూతురికి ఓటెయ్యమని వీడియోలో అడిగారు. షర్మిల ఓడిపోయారు. ఆ జూలై 8న, తండ్రి వైఎస్ జయంతి రోజు, ఇడుపులపాయ ఘాట్ దగ్గర అన్నాచెల్లెళ్లు జగన్, షర్మిల వేర్వేరు వేళల్లో ప్రార్థన చేసి వెళ్లారు. ఏ పార్టీ విశ్వాసులదో ఆ ఇంట్లోనే తేలలేదు, మీ ఇంట్లో తేలుతుందా?

గొడవ ఎక్కడ పుడుతుందో చూడాలంటే టీవీ ముందు కాదు, రాత్రి ఎనిమిదిన్నరకి కుటుంబ ప్రార్థనలో చూడాలి. చాప పరిచారు. మోకాళ్ల నొప్పి కాబట్టి తండ్రి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. డిబేట్ ఇప్పుడే కట్టేశారు, ఆ వేడి ఇంకా గదిలోనే ఉంది. ఒక పాట అయింది, ఒక అధ్యాయం అయింది. తండ్రి ప్రార్థన ఎత్తుకున్నాడు. మొదటి రెండు నిమిషాలు స్తోత్రాలు, మనవరాలి జ్వరం, పొలం కౌలు. అక్కడి నుంచి గొంతు మారుతుంది. "ప్రభువా, నీ బిడ్డని అన్యాయంగా గద్దె దింపినవాళ్ల కళ్లు తెరువు తండ్రీ. ఈ ఇంట్లో కూడా కళ్లు మూసుకుపోయినవాళ్లు ఉన్నారు తండ్రీ." ఆ సమయానికి ఇంట్లో అందరివీ కళ్లు మూసే ఉన్నాయి. ఆ మాటకి కొడుకు ఒక్కడే తెరుస్తాడు. తల్లి తలమీద చెంగు సర్దుకుంటుంది. చివర రావలసిన నాలుగు ఆమేన్లలో మూడే వస్తాయి. అన్నం దగ్గర గరిటె చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు.

పార్టీ తిరగేస్తే కొడుకు ప్రార్థనా ఇలాగే ఉంటుంది. ఎందుకంటే ఇంట్లో ఎవరూ అడ్డు తగలలేని ఉపన్యాసం ప్రార్థన ఒక్కటే. మధ్యలో "అది కాదు నాన్నా" అంటే దేవుడికి అడ్డొచ్చినట్టు లెక్క. కాబట్టి మందు కూడా అక్కడే వెయ్యాలి. కళ్లు మూయకముందే ప్రార్థన అంశాలు పైకి చెప్పించి ఎవరైనా ఒకరు నోటుపుస్తకంలో రాయాలి. ఐదారు చాలు. అభ్యంతరం ఉంటే కళ్లు తెరిచి ఉన్నప్పుడే చెప్పాలి. రాయని అంశం ప్రార్థనలోకి రాకూడదు. అధికారుల కోసం ప్రార్థించమని 1 తిమోతి 2లో ఉంది, కాబట్టి ఆ అంశం ఉండాల్సిందే. అయితే పదవి పేరుతోనే: ముఖ్యమంత్రి, కలెక్టర్, సర్పంచ్. మనిషి పేరు వద్దు, గుర్తు అసలే వద్దు. ప్రార్థన వంతులవారీగా నడిపించాలి, తల్లికీ వంతు ఉండాలి. అధ్యాయం ఎవరూ ఏరకూడదు, బైబిల్లో ఒక పుస్తకం మొదలుపెడితే వరసగా చదువుకుపోవాలి. ఏరి చదివిన అధ్యాయం ఎప్పుడూ ఎదుటివాడి కోసమే ఏరి ఉంటుంది.

ఇది రెండు చోట్ల చెడుతుంది. మొదటి వారంలోనే నాన్నగారు "నా ప్రార్థనకి నువ్వు హద్దులు గీస్తావా" అంటారు. అందుకే నియమం మీరు చెప్పకండి, అమ్మగారితో చెప్పించండి. లేదా సంఘంలో ఆయన గౌరవించే పెద్ద ఒకరితో చెప్పించండి. రెండోది, మీరు నోటుపుస్తకాన్ని పోలీసు డైరీలా వాడటం. ఒకరోజు ఆయన నోరు జారితే ఆ రాత్రికి వదిలెయ్యండి.

"ఆ పార్టీకి వెయ్యకపోతే దేవుడు ఊరుకోడు" అన్న మాటకి చట్టంలో పేరుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 123(2) ప్రకారం అభ్యర్థిగానీ అతని ఏజెంటుగానీ దైవాగ్రహం పేరు చెప్పి ఓటరుని బెదిరిస్తే అది అవినీతి చర్య, ఎన్నికే రద్దవ్వచ్చు. భారతీయ న్యాయ సంహిత 171వ సెక్షన్ ఇంకాస్త ముందుకెళ్లి ఎవరు బెదిరించినా నేరమే అంటుంది. నాన్నగారి మీద కేసు పెట్టమని చెప్పడం లేదు, ఆ మాట బరువు ఆయనకి తెలిస్తే చాలు. బైబిలు మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకునే ఇళ్లు కూడా ఉన్నాయి. ఒట్టు వెయ్యకండి. ఎవరికి వేశారో చెప్పమని కోర్టు కూడా మిమ్మల్ని బలవంతపెట్టలేదు. వీవీప్యాట్ అద్దం వెనక చీటీ కనపడేది ఏడు సెకన్లు, అది కూడా మీ ఒక్కరికే.

ఇప్పుడు భోజనాల దగ్గర నలిగే అసలు విషయాలకి వద్దాం. దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా గురించి "మా వాళ్లు ఇస్తారు, మీ వాళ్లు అడ్డుకున్నారు" అని పళ్లేలు విసురుకునేదాకా వెళ్తారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హోదాని హిందువులకి పరిమితం చేసింది, 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. దాన్ని మార్చగలిగేది పార్లమెంటు. అసెంబ్లీ చేయగలిగింది తీర్మానం మాత్రమే. 2009లో ఒకటి, 2023 మార్చిలో ఇంకోటి చేసి ఢిల్లీకి పంపారు. ఈలోగా రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలకి ఉన్నది బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. అంటే ఎమ్మెల్యే ఎన్నికలో ఏ గుర్తుకి నొక్కినా మీ పిల్లవాడి సర్టిఫికెట్ మారదు. పాస్టర్లకి నెలకి 5,000 గౌరవవేతనం సంగతీ అంతే. జగన్ ప్రభుత్వం మొదలుపెట్టింది, కూటమి ప్రభుత్వం కొనసాగించింది. తిరుమలలో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో ఆర్డినెన్స్ తెచ్చింది క్రైస్తవ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వమే. ముఖ్యమంత్రి మతాన్ని బట్టి జీవో రాదని ఇంతకంటే ఎలా చెప్పాలి.

అలాగని నాన్నగారి భయాన్ని వెటకారం చెయ్యకండి. 2023 మేలో మొదలైన మణిపూర్ మంటలు, కాలిన చర్చిల బొమ్మలు ఆయన ఫోన్లో కూడా చూశారు. కూటమిలో బీజేపీ ఉందని ఆయన అంటే అది పార్టీ మాట కాదు, మైనారిటీగా బతికినవాడి మాట. మీ పక్షాన ఎన్ని రోడ్లు, ఎన్ని కంపెనీలు లెక్క చెప్పినా ఆ భయానికి జవాబు కాదు. "మీ భయం నాకు అర్థమైంది నాన్నా, నా ఓటు వేరే కారణంతో వేశాను" అని ఒక్క వాక్యంలో ఆపండి. కారణాల చిట్టా విప్పారో, మళ్లీ డిబేటే.

నిజానికి చాలా ఇళ్లలో పార్టీ తేలేది బైబిలుతో కాదు, వీధితో. ఒకే ఊళ్లో మాలపల్లెలో ఒక చర్చి, మాదిగపల్లెలో ఒక చర్చి ఉంటాయి. పాటల పుస్తకం ఒకటే, బూత్ ఏజెంట్లు వేరు. దీని గురించి ఏ పాస్టరు అయ్యగారూ ప్రసంగించరు.

అయ్యగార్ల మాట వచ్చింది కాబట్టి క్రిస్మస్‌కి ముందే జరిపే సెమీ క్రిస్మస్ వేడుక గురించి కూడా చెప్పాలి, ఇళ్లలో సగం మంట రాజేసేది అదే. ఆరింటికి అని పిలుస్తారు, ఎమ్మెల్యే ఎనిమిదింటికి వస్తాడు. అప్పటిదాకా పిల్లల డ్యాన్సులు, కడుపు మాడిన ముసలివాళ్లు. ఆయన రాగానే ముందు వరసలో కూర్చున్న పెద్దమ్మని లేపి ఆ కుర్చీ ఆయనకి వేస్తారు. శాలువా, కేకు, తలమీద చెయ్యి పెట్టి "వచ్చే ఎన్నికల్లో జయం" అని ప్రార్థన. ఆయన మందిరం స్లాబుకి సిమెంటు మాటిస్తాడు, చప్పట్లు. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటిచ్చి బీదవాణ్ణి నిలబెట్టొద్దని యాకోబు 2లో ఉన్న సంగతి ఆ రాత్రి ఎవరికీ గుర్తుకు రాదు. మందిరాన్ని పార్టీ ప్రచారానికి వాడనివ్వడం 1988 నాటి మతసంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం కింద నేరం, ఐదేళ్ల వరకు జైలు, పదివేల వరకు జరిమానా. ముందు ఇరుక్కునేది సంఘ కమిటీ. మీ నాన్నగారు కమిటీలో ఉంటే ఇది చెప్పండి. చట్టం మాటకి ఆయన కోపం తెచ్చుకోరు, ఎందుకంటే అది మీ పార్టీ మాట కాదు.

వాట్సాప్ ప్రార్థన గ్రూపు సంగతి చిన్నదే. అడ్మిన్‌లు మాత్రమే పంపేలా సెట్టింగ్ పెట్టించండి. రెండు బాణాల గుర్తుతో వచ్చిన ఫార్వర్డ్ ఏదైనా సరే, మీ పార్టీదైనా సరే, గ్రూపులో పడకూడదు.

చివరికి మాటలు పూర్తిగా తెగిపోతే, నెల మొదటి ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల ఉంటుంది కదా, ఆ ముందు శనివారం సాయంత్రం వెళ్లండి. సహోదరునితో సమాధానపడి వచ్చి కానుక అర్పించమని మత్తయి 5లో ఉన్నది ఆయనకి మీకంటే బాగా తెలుసు, మీరు చదివి వినిపించక్కర్లేదు. "తప్పు చేసి ఉంటే క్షమించండి" అనకండి, ఆ "ఉంటే" దగ్గర మళ్లీ మొదలవుతుంది. ఫలానా రోజు ఫలానా మాట అన్నాను, అది అనకూడనిది, అంతే. ఓటు గురించి క్షమాపణ అడగొద్దు, గొంతు గురించి అడగండి. ఆయన తిరిగి అడగకపోవచ్చు, తండ్రులు అడగరు. "అన్నం తిన్నావా" అంటారు. అది ఆమేన్ అనుకుని కూర్చోండి. ఆ రాత్రి నోటుపుస్తకం మీరే తెరిచి, ఆయన షుగరో మోకాళ్లో ఏది బాధపెడుతోందో అడిగి, మొదటి అంశంగా అది రాయండి.