సెలవుల్లో బీరు రుచులకు ఎంత పెట్టుకోవాలి?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నేను హెచ్1బీ మీద పనిచేస్తున్నాను. మాకు ఇద్దరు పిల్లలు. నాకు క్రాఫ్ట్ బీర్లంటే ఇష్టం, ఏ ఊరెళ్లినా అక్కడి బ్రూవరీలు చూడాలనిపిస్తుంది. పోయిన జూలైలో డెన్వర్ వెళ్లినప్పుడు ఐదు బ్రూవరీల్లో కలిపి 640 డాలర్లయింది. "బీరుకి అంత తగలేశావు" అని మా ఆవిడ ఇప్పటికీ అంటోంది. ఆ ట్రిప్ ఖర్చు మొత్తం 4,800 డాలర్లు క్రెడిట్ కార్డు మీదే ఉంది, వడ్డీ 24 శాతం. నెలకు 200 కడుతున్నాను. పిల్లల చదువుకి దాచే 529 ప్లాన్‌లో నెలకు 500 వేస్తున్నాం. ఈసారి సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డేకి ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ వెళ్దామనుకుంటున్నాం. మా బావమరిది కుటుంబం సియాటిల్ నుంచి వస్తుంది. టికెట్లకు, హోటల్‌కు డబ్బు విడిగా దాచాం. బీరుకి ఎంత పెట్టుకుంటే గొడవ లేకుండా ఉంటుంది? డెన్వర్ బిల్లులు పంపిస్తున్నాను, చూడండి.

జవాబు: మీ బిల్లులన్నీ చూశాను. రెండో రోజు బిల్లే తీసుకుందాం. రుచి చూడటానికిచ్చే ఐదు చిన్న గ్లాసుల వరస, అదే ఫ్లైట్, 16 డాలర్లు, రెండు పింట్లు 16. ఆ కింద ప్రెట్‌జెల్ 13, రెండు చికెన్ బర్గర్లు 34, పిల్లలకు చికెన్ టెండర్లు 20. పన్ను 9, టిప్ 20. వచ్చేటప్పుడు కొన్న టీషర్టు 30. మొత్తం 158 డాలర్లలో బీరు 32. మిగతా నాలుగు బిల్లులూ దాదాపు ఇలాగే ఉన్నాయి. 640లో బీరు వాటా 170 దాటలేదు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కుటుంబం కూర్చుని చేసిన భోజనాలే.

ఈ లెక్క పట్టుకెళ్లి మీ ఆవిడతో వాదనకు దిగకండి. ఉత్తరంలో మీరే ఇంకోచోట రాశారు, ఆవిడ తాగరనీ, డెన్వర్‌లో ఐదు రోజులూ కారు ఆవిడే నడిపారనీ. అంటే మీరు రుచి చూస్తున్నంతసేపూ పిల్లలను చూసుకున్నదీ, చీకటి పడ్డాక తెలియని ఊళ్లో హోటల్‌కు చేర్చిందీ ఆవిడే. ఆ అలసట బిల్లులో కనపడదు. ఆవిడ 640 అన్నప్పుడు అందులో అది కూడా ఉందని నాకనిపిస్తోంది.

ఇప్పుడు అసలు నష్టం దగ్గరికి వద్దాం. 4,800 మీద నెలకు 2 శాతం అంటే మొదటి నెల వడ్డీయే 96 డాలర్లు. మీరు కట్టిన 200లో సగం దానికే సరిపోయింది. ఆగస్టు నుంచి జనవరి దాకా ఆరు నెలల్లో 1,200 కట్టారు, బాకీ తగ్గింది 656 మాత్రమే. ఇంకా 4,144 ఉంది. అంటే 544 డాలర్లు వడ్డీకే పోయాయి. ఐదు బ్రూవరీల్లో తాగిన బీరుకి అది మూడింతలు. ఇలాగే 200 చొప్పున కడుతూ పోతే మరో 27 నెలలు పడుతుంది, మొత్తం వడ్డీ 1,800 దాకా వస్తుంది. నాకు బాధ కలిగించింది ఇదే. మీ ఇంట్లో గొడవంతా గ్లాసు చుట్టూ తిరుగుతోంది, కార్డు సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

అందుకని పోర్ట్‌లాండ్‌కు ముందు ఒక పని చేయండి. ఫిబ్రవరి నుంచి ఏడు నెలలు 529 ఆపేసి, ఆ 500 కూడా కార్డుకే కట్టండి. పిల్లల చదువు డబ్బు ఆపమంటే మనసొప్పదు, నాకు తెలుసు. కానీ 529లో ఎంత పెరుగుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు, కార్డు మీద 24 శాతం పోవడం మాత్రం ఖాయం. పైగా టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి, 529 ఆపినందుకు మీకు పోయే పన్ను రాయితీ కూడా ఏమీ లేదు. రిటైర్మెంటుకు దాచే 401కేలో మీరు వేసినదానికి కంపెనీ తన వాటా కలుపుతుంటే దాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోకండి. నెలకు 700 చొప్పున కడితే జూలై అయ్యేసరికి బాకీ 251కి దిగుతుంది. ఆగస్టులో 256 కడితే సున్నా. ఆ నెల 700లో ఇంకా 444 మిగులుతాయి.

ఆ 444ని చెరి సగం చేయండి. 222 మీకు, 222 ఆవిడకు. ఆవిడ తన వాటాతో ఏం చేస్తారన్నది ఆవిడ ఇష్టం. పావెల్స్‌లో పుస్తకాలు కొనుక్కోవచ్చు, పైసా ఖర్చు పెట్టకుండా ఇంటికి తెచ్చుకోవచ్చు, మీరు అడగకూడదు. మీ వాటా గురించి ఆవిడా అడగరు. మీరడిగిన "ఎంత" అన్నదానికి నా జవాబు ఇదే, 222 డాలర్లు.

చాలదంటారేమో. రుచి చూడటానికైతే చాలు. పోర్ట్‌లాండ్ మామూలు ఊరు కాదని నేనూ ఒప్పుకుంటాను. 1984లో బ్రిడ్జ్‌పోర్ట్, విడ్‌మర్ బ్రూవరీలు మొదలైన ఊరది. బీరు కాచినచోటే అమ్ముకోవచ్చని ఒరెగాన్ 1985లో చట్టం తెచ్చింది, ఆ తర్వాతే వీధివీధికీ బ్రూపబ్బులొచ్చాయి. బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలు హాప్స్. అమెరికా క్రాఫ్ట్ బీరుకి గుర్తింపు తెచ్చిన కాస్కేడ్ రకం హాప్స్ పుట్టింది కూడా ఆ రాష్ట్రంలోనే, 1972లో విడుదల చేశారు. మీరు వెళ్లేది కోతల కాలం. విల్లామెట్ లోయలో కోసిన హాప్స్‌ని ఎండబెట్టకుండా పచ్చిగానే వేసి కాచే ఫ్రెష్ హాప్ బీర్లు ఆ రోజుల్లోనే మొదలవుతాయి, కొన్ని వారాలే ఉంటాయి. మీ 222 వాటికి పెట్టండి. ఫ్రిస్కోలో దుకాణానికెళ్తే డబ్బాల్లో దొరికే బ్రాండును అక్కడ గ్లాసు 8 డాలర్లు పెట్టి తాగడంలో అర్థం లేదు.

నాలుగు చోట్లు చాలు, రెండు మధ్యాహ్నాల్లో రెండేసి. పొద్దున్నే బావమరిదీ మీరూ కలిసి ఎక్కడికెళ్లాలో తేల్చుకోండి. ఒక్కో చోట ఇద్దరికీ కలిపి ఒకే ఫ్లైట్, తర్వాత నచ్చినదాన్ని చిన్న గ్లాసు చెరొకటి. టిప్‌తో కలిపి మీ వంతు 20 డాలర్లకు అటూ ఇటూ అవుతుంది. ఒరెగాన్‌లో సేల్స్ టాక్స్ లేదు, మెనూలో ఉన్న ధరే ధర. భోజనం అక్కడ చేయకండి. పోర్ట్‌లాండ్ నిండా ఫుడ్ కార్టులున్నాయి, పిల్లలు ఎవరికి కావలసింది వాళ్లు తింటారు, ఖర్చూ తక్కువే. భోజనాలయ్యాక మూడింటికి బ్రూవరీకి వెళ్తే ఆకలి మీద ఆర్డర్లు పెరగవు. అన్ని చోట్లా, అన్ని వేళల్లో పిల్లల్ని రానివ్వరు కాబట్టి ముందే కనుక్కోండి. రెండు కుటుంబాలంటే ఎనిమిది మందో, ఏడుగురో. అంతమంది కూర్చుంటే కొన్నిచోట్ల టిప్ బిల్లులోనే కలిపేస్తారు. అది చూసుకోకుండా స్క్రీన్ మీద మళ్లీ 20 శాతం నొక్కితే రెండుసార్లు ఇచ్చినట్టు. కార్డు ఇచ్చేసి ట్యాబ్ తెరిచి ఉంచే అలవాటుంటే మానుకోండి. ఏ గ్లాసుకి ఆ గ్లాసు కట్టేస్తే ఎంతయిందో మీకే తెలుస్తుంటుంది.

కారు తాళాలు మీరూ తీసుకోవద్దు, ఆవిడకూ ఇవ్వొద్దు. నాలుగు ఔన్సుల గ్లాసులు ఐదంటే 20 ఔన్సులు. 7 శాతం ఆల్కహాల్ ఉన్న ఐపీఏ రకం బీర్లయితే, 12 ఔన్సుల మామూలు బీర్లు రెండుకి పైనే తాగినట్టు. చిన్న గ్లాసులే కదా అనిపించడమే ప్రమాదం. మీరు వీసా మీద ఉన్నారు. 2015లో వచ్చిన విధానం ప్రకారం, తాగి నడిపి అరెస్టయితే చాలు, కోర్టులో రుజువు కాకముందే స్టేట్ డిపార్ట్‌మెంట్ మీ వీసా రద్దు చేయొచ్చు. ఇక్కడ ఉద్యోగానికి వెంటనే అడ్డు రాకపోవచ్చు, కానీ అమ్మకో నాన్నకో బాగోలేదని ఇండియా వెళ్తే మళ్లీ వీసా స్టాంపింగ్ అయితేగాని తిరిగి రాలేరు. లాయరు ఫీజు, పెరిగే కారు ఇన్సూరెన్సు దానికి అదనం. మీ బడ్జెట్‌లో ఉబర్‌ని మించిన చవకైన వస్తువు లేదు. ఆ రెండు రోజుల రాకపోకలకు 80 డాలర్లు మీ వాటాలోంచే తీయండి. ఈసారి ఆవిడ కూడా వెనక సీట్లో కూర్చుని ఊరు చూస్తారు.

గ్లాసులకు 80, ఉబర్‌కు 80, కావాలంటే ఒక టీషర్టు 30. మిగిలిన 32కి నాలుగేసి డబ్బాల ప్యాకులు రెండు ఇంటికి తెచ్చుకోండి. 24 శాతం లోపు ఆల్కహాల్ ఉన్న వాటికి చెక్-ఇన్ బ్యాగులో పరిమితి లేదు, బట్టల మధ్య చుట్టి పెడితే చాలు. గ్రౌలర్, అంటే బ్రూవరీలో కుళాయి నుంచి నింపిచ్చే పెద్ద సీసా, మాత్రం నింపించకండి, తెచ్చాక రెండు మూడు రోజుల్లో తాగకపోతే చప్పబడిపోతుంది. ఒరెగాన్‌లో డబ్బాకి 10 సెంట్లు డిపాజిట్ తీసుకుంటారు, ఖాళీ డబ్బా టెక్సస్‌లో ఇస్తే ఎవరూ తిరిగివ్వరు. ఎనభై సెంట్లే, పోనివ్వండి.

ఆఖరిగా ఒకటి. 529 ఆపేటప్పుడే సెప్టెంబరు 15 నుంచి మళ్లీ 500 దానంతటదే వెళ్లేలా ఆటో పే తేదీ పెట్టేయండి, మీ ఆవిడ పక్కనుండగా. ఏడు నెలలకని ఆపి మూడేళ్లు మర్చిపోయిన ఇళ్లు నేను చూశాను.