పైప్‌లైన్ నిండిపోతే గ్యాస్ ముందు ఎవరికి?

అమెరికాలో రాష్ట్రాలు దాటే గ్యాస్ పైప్‌లైన్లలో చోటు ఎవరికి, ఎలా దక్కుతుందని అడిగారు. దీన్ని నియంత్రించేది ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్. ఆ సంస్థ 1992లో ఇచ్చిన 636వ ఉత్తర్వుతో పైప్‌లైన్ కంపెనీలు గ్యాస్ అమ్మకాన్ని, రవాణాను విడదీయాల్సి వచ్చింది. అప్పటి నుంచి పైప్‌లైన్ కంపెనీ దగ్గర కస్టమర్ కొనేది పైపులో చోటు, అంటే తన గ్యాస్ పంపుకునే హక్కు.

ఆ చోటు రెండు రకాలు. 'ఫర్మ్' కాంట్రాక్టు ఉన్నవాళ్లు గ్యాస్ పంపినా పంపకపోయినా నెలనెలా రిజర్వేషన్ చార్జీ కట్టాల్సిందే. అందుకే లైన్ నిండిన రోజు ముందు వరస వాళ్లదే. 'ఇంటరప్టిబుల్' వాళ్లు వాడినంతకే కడతారు, కోత మొదట వాళ్లకే పడుతుంది. ఫర్మ్ వాళ్లలోనూ కాంట్రాక్టులో రాసుకున్న పాయింట్ల (గ్యాస్ పైపులోకి ఎక్కే, దిగే చోట్ల) మధ్య పంపేవాళ్లకే ప్రాధాన్యం.

ఖాళీగా ఉన్న ఫర్మ్ చోటును ఇంకొకరికి వదులుకోవచ్చు కూడా. ఏడాదీ, అంతకన్నా తక్కువ కాలానికి ఇలా వదులుకునే చోటుపై ధర పరిమితిని 2008లో ఎత్తేశారు.

నాకు ఆందోళన కలిగించేది అమెరికా ఈశాన్య ప్రాంతమైన న్యూ ఇంగ్లండ్ పరిస్థితి. అక్కడ ఇళ్ల హీటింగ్‌కు గ్యాస్ ఇచ్చే పంపిణీ కంపెనీలకు ఫర్మ్ చోటు ఉంది, చాలా గ్యాస్ విద్యుత్ కేంద్రాలకు లేదు. కాబట్టి చలి ముదిరి కరెంటు మరీ అవసరమైన రోజునే వాటికి గ్యాస్ అందడం కష్టమవుతుంది.