యుద్ధ ఖర్చుల బిల్లులోకి డ్రైవింగ్ లైసెన్సు చట్టం ఎలా వచ్చింది?

మీరు అడిగినవి రెండు. 2005లో అమెరికా కాంగ్రెస్‌లో ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాల ఖర్చు కోసం తెచ్చిన బిల్లులో, డ్రైవింగ్ లైసెన్సులకు సమాఖ్య ప్రమాణాలు పెట్టే రియల్ ఐడీ చట్టం ఎలా కలిసింది? అధ్యక్షుడు ఆ ఒక్క భాగాన్ని కొట్టేయలేడా?

రెండోదానికి ముందు జవాబు: కొట్టేయలేడు. సంతకం పెడితే మొత్తానికీ పెట్టాలి, వీటో చేస్తే మొత్తాన్నీ చేయాలి. ఖర్చు పద్దులనూ కొన్ని పన్ను రాయితీలనూ విడిగా రద్దు చేసే అధికారం 1996లో ఒక చట్టంతో ఇచ్చారు గానీ, 1998లో సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో దాన్ని కొట్టేసింది. అందుకే రైడర్‌ను, అంటే బిల్లు అసలు విషయంతో సంబంధం లేకుండా తగిలించే అంశాన్ని, ఎప్పుడూ ఆపడానికి ఎవరికీ ధైర్యం చాలని బిల్లుకే తగిలిస్తారు: సైన్యం జీతాలు, ప్రభుత్వం మూతపడకుండా ఇచ్చే నిధులు, తుపాను సాయం.

ఇక మొదటిది. ప్రతినిధుల సభలో, చర్చలో ఉన్న విషయానికి సంబంధం లేని సవరణ చెల్లదన్న నియమం 1789 నుంచీ ఉంది. కానీ ఆ నియమం దానంతటదే పనిచేయదు. ఎవరో ఒక సభ్యుడు లేచి పాయింట్ ఆఫ్ ఆర్డర్, అంటే ఇది నియమానికి విరుద్ధమన్న అభ్యంతరం, లేవనెత్తాలి. పైగా పెద్ద బిల్లు ఏది వచ్చినా రూల్స్ కమిటీ ముందుగా ఒక తీర్మానం తెస్తుంది. ఏ సవరణలు రావచ్చు, చర్చ ఎంతసేపు, ఏ అభ్యంతరాలు పక్కన పెట్టాలి అన్నవన్నీ అందులోనే ఉంటాయి. మెజారిటీతో అది నెగ్గితే ఇక లేవనెత్తడానికి అభ్యంతరమే మిగలదు.

రియల్ ఐడీ విషయంలో జరిగింది చూడండి. ఫిబ్రవరిలో హెచ్.ఆర్. 418 పేరుతో విడి బిల్లుగా 261-161తో సభ దాటింది. సెనేట్ దాన్ని చర్చకు తీసుకోలేదు. మార్చిలో యుద్ధ ఖర్చుల బిల్లు హెచ్.ఆర్. 1268 వచ్చినప్పుడు, రూల్స్ కమిటీ తీర్మానంలోనే 418 పాఠాన్ని దాని చివర చేర్చాలని రాశారు. అంటే దానిమీద సవరణగా విడి ఓటింగు కూడా లేదు. సెనేట్ తన ప్రతిలో దాన్ని పెట్టలేదు, రెండు సభల ప్రతులను ఒకటిగా కుదిర్చే కాన్ఫరెన్స్ కమిటీలో మళ్ళీ చేరింది. కాన్ఫరెన్స్ నివేదికకు సవరణలు ఉండవు, అవునో కాదో చెప్పాలంతే. మే 10న సెనేట్‌లో 100-0. మర్నాడే సంతకం. ఆ 100-0 చూసి రియల్ ఐడీని సెనేటంతా మెచ్చిందని రాసేవాళ్ళను చూస్తుంటాను. అది తప్పు. వాళ్ళు ఓటేసింది సైనికుల డబ్బుకు.

సెనేట్‌లో అయితే ఇంత తిరుగుడు అక్కర్లేదు, అక్కడ అలాంటి సాధారణ నియమమే లేదు. ద్రవ్య వినిమయ బిల్లులు, బడ్జెట్ రికన్సిలియేషన్ (బడ్జెట్ తీర్మానానికి తగ్గట్టు పన్నులు, ఖర్చులు మార్చే ప్రత్యేక బిల్లు), క్లోజర్ (చర్చను ముగించే ఓటు) నెగ్గిన తరవాతి దశ, ఏకగ్రీవ ఒప్పందంతో సాగే చర్చ: ఇవి మినహాయింపులు. 2009లో క్రెడిట్ కార్డు వినియోగదారుల బిల్లుకు, జాతీయ పార్కుల్లో తుపాకులు అనుమతించే సవరణ 67-29తో తగిలింది. అది తిరిగి ప్రతినిధుల సభకు వచ్చాక ప్రశ్నను రెండుగా చీల్చి ఓటింగు పెట్టారు. కార్డుల భాగానికి 361-64, తుపాకుల సెక్షన్ 512కి 279-147. ఎవరు దేనికి ఓటేశారో ఇలా విడిగా తెలిసే సందర్భాలు అరుదు. దొరికినప్పుడు వదలకండి.

ద్రవ్య వినిమయ బిల్లుల్లో ఇంకో రకం ఉంది. "ఈ చట్టం కింద ఇచ్చిన నిధుల్లో ఏదీ ఫలానా పనికి వాడరాదు" అని ఒక్క వాక్యం. గర్భస్రావాలకు సమాఖ్య నిధులను కట్టడి చేసే హైడ్ సవరణ 1976 నుంచి ఇలాగే నడుస్తోంది. ఇలాంటి వాక్యానికి ఆయుష్షు మామూలుగా ఆ ఆర్థిక సంవత్సరమే, అంటే సెప్టెంబరు 30 దాకా. ఏటా మళ్ళీ రాయాలి. వాక్యంలో "ఇకమీదట" అనే అర్థమిచ్చే మాట ఉంటే మాత్రం శాశ్వతమయ్యే వీలుంది. ఆ ఒక్క మాట కోసం కళ్ళు పెట్టి చూడాలి.

తెలుగువాళ్ళ ఇళ్ళకు సూటిగా తగిలిన ఉదాహరణ ఒకటుంది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో మాస్టర్స్ చేసినవారికి హెచ్-1బీలో ఉన్న అదనపు 20,000 కోటా ఒక వలస బిల్లుగా రాలేదు. 2004 డిసెంబరు 8న సంతకమైన ఓమ్నిబస్ (అనేక ఖర్చు బిల్లులను ఒకటిగా కట్టిన) ఖర్చుల చట్టంలో, డివిజన్ జె, టైటిల్ 4, సెక్షన్ 425లో ఉంది.

మీరే వెతకాలంటే కాంగ్రెస్ డాట్ గవ్‌లో బిల్లు తెరిచి, పేరు వదిలేసి, ముందు విషయసూచికలో డివిజన్లు చూడండి. ఆఖరి డివిజన్లతో మొదలుపెట్టండి, సంబంధం లేనివి తరచు అక్కడే ఉంటాయి. తరవాత "యాక్షన్స్"లో తేదీలవారీగా వెనక్కి వెళ్ళండి. ఆ సెక్షన్ సభ దాటిన ప్రతిలో ఉందా, సెనేట్ ప్రతిలో ఉందా, కాన్ఫరెన్స్ నివేదికలోనే మొదటిసారి కనబడిందా పోల్చండి. "అమెండ్‌మెంట్స్" ట్యాబు ఒక్కటే చూస్తే రియల్ ఐడీ లాంటిది ఎలా చేరిందో దొరకదు. రూల్స్ కమిటీ తీర్మానం నంబరు పట్టుకుని దాని పాఠం కూడా చదవాలి.