చచ్చిన జెల్లీఫిష్ కూడా కుడుతుందా? కుడుతుంది, ముట్టుకోకండి

మెదడు లేని జెల్లీఫిష్ ఎలా కుడుతుంది, ఒడ్డున చచ్చి పడి ఉన్నదాన్ని పట్టుకుంటే ఏమవుతుంది అని అడిగారు. పట్టుకుంటే వాతలు తేలతాయి. అది కావాలని కుట్టదు, అందుకే చచ్చినా కుడుతుంది. బీచ్‌కి పోయే ప్రతి ఇంట్లో ఈ ఒక్క ముక్క తెలిసి ఉండాలి.

దాని దారాల నిండా కంటికి కనపడని కణాలుంటాయి. ఒక్కో కణంలో ఒక తిత్తి, ఆ తిత్తిలో చుట్టచుట్టుకుని ఉన్న ముల్లుతాడు, లోపల విపరీతమైన ఒత్తిడి. ఏదైనా తగిలితే చాలు, ఆ కణం తనంతట తానే పేలుతుంది, పైనుంచి ఆర్డర్ రానక్కర్లేదు. జెల్లీఫిష్‌కి చుట్టమైన హైడ్రాలో కొలిస్తే ముల్లు బయటికి దూకడానికి 700 నానోసెకన్లు పట్టింది, అంటే సెకనులో పది లక్షల వంతు కూడా లేదు. కాబట్టి జంతువు ఎప్పుడో చచ్చినా, దారం తెగి ఇసుకలో పడ్డా, పేలని కణాలు పేలకుండా అట్లనే కాచుకుని ఉంటాయి.

మేం నల్గొండ నుంచి అక్కావాళ్లతో కలిసి మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా బాపట్ల పోయి, సూర్యలంక బీచ్‌లో దిగినప్పుడు ఇది కళ్లారా చూశాను. ఇసుకలో పళ్లెమంత ముద్ద, అంచు కొంచెం నీలంగా, మధ్యలో అవతలి ఇసుక కనపడేంత తేటగా ఉంది. మా మేనల్లుడు దాన్ని చేత్తో తిప్పి చూశాడు. కింద నుంచి సన్నటి దారాలు వచ్చి మణికట్టుకి అంటుకున్నాయి. ఇంక పోరడు లబోదిబోమన్నాడు. చూస్తుండగానే చర్మం మీద ఎర్రటి గీతలు, కొరడాతో కొట్టినట్టు. బావ కంగారులో బాటిల్‌లో ఉన్న మంచినీళ్లు కుమ్మరించాడు, పక్కన ఎవరో పెద్దాయన ఇసుకతో రుద్దమన్నాడు, వాడి ఏడుపు రెండింతలైంది. వల బాగుచేసుకుంటున్న ఒకాయన పరుగెత్తుకొచ్చి "ఆగండాగండి, మంచినీళ్లు పొయ్యమాకండి, ఇంకా ఎక్కువైద్ది" అని వాణ్ణి సముద్రం దగ్గరికి తీసుకుపోయి ఉప్పునీళ్లతో కడిగాడు. మిగిలిన దారాల్ని పుల్లతో ఒక్కొక్కటే ఎత్తి తీశాడు. తర్వాత టీ బండి దగ్గర వేడినీళ్లు అడిగి, ఓర్చుకోగలిగినంత వేడికి తగ్గించి, చెయ్యి అందులో పెట్టించాం. అప్పుడు నెమ్మదించాడు.

ఆయన చేసిందంతా సైన్స్ ప్రకారం కరెక్టే. మంచినీళ్లు తగిలితే ఉప్పు తేడాకి మిగిలిన కణాలు పేలతాయి, రుద్దితే ఒత్తిడికి పేలతాయి. 45 డిగ్రీల దాకా వేడినీళ్లు నొప్పిని బాగా తగ్గిస్తాయి. మూత్రం పోయమనే సలహా మాత్రం పరమ దండగ. డబ్బా ఆకారంలో ఉండే బాక్స్ జెల్లీఫిష్ కుడితే వెనిగర్ వాడతారు కానీ కొన్ని జాతుల విషయంలో అది కణాల్ని ఇంకా రెచ్చగొడుతుంది. ఊపిరి ఆడకపోయినా, ఛాతీ పట్టేసినా ఇవేవీ పెట్టుకోకుండా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

నాకు మండేది ఎక్కడంటే, నేను నల్గొండలో బీజెడ్‌సీ చదివాను, ప్లానులా, పాలిప్, ఎఫిరా అని జెల్లీఫిష్ ఎదిగే దశల బొమ్మలు గీసి గీసి వేళ్లు అరిగాయి, కుడితే ఏం చెయ్యాలో ఒక్క వాక్యం ఎవరూ చెప్పలేదు. సముద్రం లేని జిల్లా కదా మనకెందుకు అనుకుంటారు. సముద్రం తెలియని మనమే కదా అక్కడికి పోయి అన్నిటినీ చేత్తో పట్టుకునేది! బీచ్‌లో "లోతుకు వెళ్లరాదు" అని బోర్డు పెట్టేవాళ్లు కింద ఇంకో లైన్ రాస్తే ఏం పోయింది?

ఇంకొకటి, యూట్యూబ్‌లో "చావులేని జీవి" అని ఊదరగొట్టేది టురిటాప్సిస్ డోర్నీ అనే చిన్న జాతి గురించి. దెబ్బ తగిలినా, తిండి లేకపోయినా అది మళ్లీ పాలిప్ దశకు, అంటే అడుగున అతుక్కుని బతికే చిన్నప్పటి దశకు, వెనక్కి పోగలదు, అది నిజమే, అద్భుతమే. కానీ చేప మింగితే అదీ చస్తుంది, ఆ మాట వీడియోలో చెప్పరు. మెదడు లేదని తక్కువ చేసే వాళ్లంటే ఇంకా కోపం. ఒళ్లంతా నాడుల వల ఉంటుంది, పని దానితోనే నడుస్తుంది. 24 కళ్లున్న ఒక బాక్స్ జెల్లీఫిష్ అడ్డాలకు గుద్దుకున్న అనుభవంతో తప్పుకోవడం నేర్చుకుంటుందని 2023లో ప్రయోగం చేసి చూపించారు. మెదడున్న మనుషులు స్పీడ్ బ్రేకర్ దగ్గర అంత నేర్చుకోవట్లేదు, మా హైవే మీద రోజూ చూస్తున్నాను.

మనకు సంబంధం లేదనుకోవడానికి కూడా లేదు. మంచినీళ్లలో బతికే లిమ్నోక్నిడా ఇండికా అనే జెల్లీఫిష్‌ని 1911లో అన్నండేల్ అనే జంతుశాస్త్రవేత్త వర్ణించాడు, దొరికింది సతారా వైపు కృష్ణ ఉపనదుల్లో. ఆ కృష్ణే జూరాల, శ్రీశైలం దాటి మన సాగర్‌కి వస్తుంది. ఇది చిన్న బిళ్లంతే ఉంటుంది, తేటనీళ్లలో అయినా పరికించి చూస్తే తప్ప కనపడదు. దేవరకొండ వైపు సాగర్ వెనక నీళ్లలో పడవ మీద తిరిగే అన్నలెవరైనా ఇలాంటిది చూసి ఉంటే ఫొటో తీసి కింద పెట్టండి.