మినిమమ్ డ్యూ కడుతున్నా బాకీ తరగడం లేదు!

ప్రశ్న: మాది విజయనగరం. ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 24,000. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి చుట్టాల భోజనాలు, ఆడపడుచులకు చీరలు, ఒక ఫ్రిజ్ అన్నీ క్రెడిట్ కార్డు మీదే కానిచ్చాను. బాకీ 64,000. నెలనెలా మినిమమ్ డ్యూ (కనీసం కట్టాల్సిన మొత్తం) 3,200 కడుతున్నా తరగడం లేదు. బ్యాంకు మెసేజ్ వస్తే టెన్షన్‌తో చదవకుండానే తీసేస్తున్నాను. మా ఆయనకు తెలియదు. పోస్టాఫీసు ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్)కి నెలకు 2,000 చొప్పున రెండున్నరేళ్లుగా కడుతున్నాను. ఆపేయమంటారా?

జవాబు: ఆర్‌డీ ఆపకండి. ముందు ఆ మెసేజ్ తెరవండమ్మా.

ఎవరైనా మూడున్నర రూపాయల వడ్డీకి అప్పిస్తానంటే మీరు గుమ్మంలోంచే పంపించేస్తారు. చాలా కార్డులు తీసుకునేది దాదాపు ఆ వడ్డీయే. ఏడాదికి 42 శాతం, దాని మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. ఆ లెక్కన 64,000 మీద నెలకు వడ్డీ 2,240, జీఎస్టీ 403. మీరు కట్టే 3,200లో అసలుకు పోయేది 557 రూపాయలే! పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా ఏం కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. కార్డు బీరువాలో పెట్టేయండి. షాపింగ్ యాప్‌లలో దాచిన కార్డు నంబరు కూడా తీసేయండి.

పాస్‌బుక్ పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లండి. ఏడాది దాటి, 12 వాయిదాలు కట్టిన ఆర్‌డీ మీద నిల్వలో సగం వరకు అప్పిస్తారు. వడ్డీ ఆర్‌డీ వడ్డీ కంటే 2 శాతం ఎక్కువ. మీ ఖాతాకు 6.7 ఉంటే అప్పుకు 8.7 అన్నమాట. మీకు 30,000 వస్తుంది. అది కార్డుకు కట్టేస్తే, అదే 3,200లో 1,800 దాకా అసలుకు జమవుతుంది. పోస్టాఫీసు అప్పు వాయిదాల్లో తీర్చుకోవచ్చు, గడువులోగా తీరకపోతే ఆర్‌డీ డబ్బులోంచే మినహాయించుకుంటారు.

ఇక మీ ఆయన సంగతి. లెక్కంతా ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. “తప్పు చేశాను” అని మొదలుపెట్టకండి. “ఇంత బాకీ ఉంది, ఇలా తీరుద్దామనుకుంటున్నాను” అనండి. ఆ చీరలు కట్టుకున్నది ఆయన అక్కచెల్లెళ్లే కదా! ఆదివారం ఆదివారం ఇద్దరూ పది నిమిషాలు స్టేట్‌మెంట్ చూసుకోండి. మొదట్లో గుండె దడదడలాడుతుంది. నాలుగైదు వారాలకు అది కరెంటు బిల్లు చూసినట్టే ఉంటుంది.

దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను తిరుగుతుందని ఊరందరికీ ముందే తెలుసు. అది అనుకోని ఖర్చు కాదు. కార్డు బాకీ తీరాక ఆ 3,200లో వెయ్యి పండగకని వేరే ఖాతాలో వేయండి. చీరల బడ్జెట్ మాత్రం ఆయన్నే వేయమనండి.