ఆగస్టులో డాలస్ చేరుతున్నారా? క్వేక్‌కాన్‌కి వెళ్లి రండి

వేసవి వస్తే చాలు, డాలస్‌కి చదువుకి వస్తున్న తెలుగు పిల్లల ఫోన్లు మొదలవుతాయి. ఎస్ఎస్ఎన్ ఎప్పుడొస్తుంది, లైసెన్స్ ఎలా తెచ్చుకోవాలి, రూమ్మేట్లతో పడకపోతే ఏం చేయాలి... ఇవి ఎప్పుడూ ఉండేవే. ఈ మధ్య ఇంకో ప్రశ్న కూడా వస్తోంది. "అన్నా, గ్రేప్‌వైన్‌లో క్వేక్‌కాన్ అని జరుగుతుందట కదా, మనం వెళ్లొచ్చా? ఎఫ్‌1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి ఏమైనా ఇబ్బందా? ఒక్కణ్నే వెళ్తే బాగుంటుందా?"

క్వేక్‌కాన్ అంటే క్వేక్, డూమ్ లాంటి వీడియో గేమ్‌ల అభిమానులు ఏటా డాలస్ పక్కనున్న గ్రేప్‌వైన్‌లో చేసుకునే పండగ. వెళ్లొచ్చు. ఒక్కరే వెళ్లినా బాగుంటుంది. మామూలు ప్రవేశానికి టికెట్ ఉండదు, ఉచితం. వీసా విషయంలో జాగ్రత్తపడాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి, వాటిని కింద వివరంగా చెబుతాను.

క్వేక్‌కాన్ డాలస్‌లోనే జరగడానికి కారణం ఉంది. డూమ్, క్వేక్ ఆటలు తయారుచేసిన ఇడ్ సాఫ్ట్‌వేర్ ఈ ఊరి శివార్లలోనే పెరిగింది. 1993 డిసెంబర్‌లో డూమ్ వచ్చినప్పుడు వాళ్ల ఆఫీసు మెస్కీట్‌లో ఉండేది. ఇప్పుడు రిచర్డ్‌సన్‌లో ఉంది, అంటే యూటీ డాలస్‌లో సీటొచ్చినవాళ్లు చదవబోయే ఊళ్లోనే. క్వేక్ 1996 జూన్‌లో విడుదలైంది. అదే ఏడాది ఆగస్టులో, ఐఆర్‌సీ అనే ఇంటర్నెట్ చాట్‌లో పరిచయమైన కొన్ని పదుల మంది ఆటగాళ్లు గార్లండ్‌లోని ఒక లా కింటా హోటల్‌కి తమ తమ కంప్యూటర్లు మోసుకొచ్చారు. వాటిని కేబుళ్లతో కలుపుకుని రాత్రీ పగలూ ఆడారు. కంపెనీ పిలిస్తే వచ్చినవాళ్లు కాదు. ఆట మీద ఇష్టంతో వాళ్లంతట వాళ్లే వచ్చారు. ఆ సంగతి తెలిసి ఇడ్ వాళ్లే హోటల్‌కి వచ్చారు. ఇడ్‌లో ఆ ఆటల ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ పార్కింగ్ లాట్‌లో నిలబడి, చుట్టూ మూగినవాళ్ల ప్రశ్నలకి జవాబులు చెప్పాడు. ఆట రాసిన మనిషి, ఆడేవాళ్లు ఒకేచోట నిలబడి మాట్లాడుకున్న ఆ పద్ధతే ఆ తర్వాత ఈ పండగకి ప్రాణమైంది. కార్మాక్ ఇడ్‌లో ఉన్నన్నాళ్లూ క్వేక్‌కాన్ వేదిక మీద గంటల తరబడి ప్రోగ్రామింగ్ గురించి మాట్లాడేవాడు, జనం కదలకుండా వినేవాళ్లు.

ఇడ్ 2009లో, ఫాల్‌అవుట్, ఎల్డర్ స్క్రోల్స్ ఆటలు కూడా తనవే అయిన జెనీమ్యాక్స్ కంపెనీ చేతికి, 2021లో జెనీమ్యాక్స్‌తో పాటు మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. అందుకే ఇప్పుడు అక్కడ ఆ ఆటల అభిమానులు కూడా కనిపిస్తారు. కోవిడ్ వల్ల 2020 నుంచి 2022 దాకా ఆన్‌లైన్‌లోనే జరిగి, 2023లో మళ్లీ గ్రేప్‌వైన్‌లోని గేలార్డ్ టెక్సన్ హోటల్‌కి వచ్చింది. ఇంత పెద్దదయ్యాక కూడా దాన్ని నడిపించడంలో వాలంటీర్లదే ముఖ్యమైన పాత్ర. నాకు ఈ పండగ మీద ఇంత గౌరవం ఉండటానికి అది ఒక పెద్ద కారణం.

ఇక "మనవాళ్లు అక్కడ కలుస్తారా" అన్న సందేహం. మా తరం వాళ్లు 2000ల మొదట్లో అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో, విజయవాడ, వైజాగ్ నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బులు కట్టి క్వేక్ 3 అరీనా, కౌంటర్ స్ట్రైక్ ఆడుతూ పెరిగాం. ఆలోచించండి, గార్లండ్ హోటల్లో వాళ్లు చేసిందీ, మన నెట్ సెంటర్లో మనం చేసిందీ ఒకటే పని. ఒకే గదిలో కంప్యూటర్లు కలుపుకుని, పక్కసీటు వాడి అరుపులు వింటూ ఆడాం. క్వేక్ 3లోని లాంగెస్ట్ యార్డ్ మ్యాప్‌లో (ఆట జరిగే స్థలంలో) రైల్‌గన్‌తో గాల్లో ఉన్నవాణ్ని కొట్టిన ఆనందం అమీర్‌పేటలోనైనా టెక్సస్‌లోనైనా ఒకటే. ఇప్పుడొస్తున్న పిల్లలకి ఆ పాత ఆటలు అంతగా తెలియకపోవచ్చు. 2016 డూమ్, డూమ్ ఎటర్నల్, 2025లో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్ ఆడినా చాలు. ఇంగ్లిష్ ఏ యాసతో మాట్లాడాలి, ఏం కబుర్లు చెప్పాలి అని టెన్షన్ పడకండి. అక్కడ పరిచయాలు "నీకు ఏ మ్యాప్ ఇష్టం?" దగ్గర మొదలవుతాయి. వచ్చిన మొదటి నెలలో తెలుగు రూమ్మేట్లు, తెలుగు వాట్సాప్ గ్రూపులు దాటి ఒక్క స్నేహమైనా ఏర్పడితే ఆ సెమిస్టర్ మొత్తం తేలికవుతుంది. నేను ఇంత గట్టిగా వెళ్లమని చెప్పేది అందుకే.

వెళ్లిన తర్వాత బూత్‌లు తిరిగి, ఫోటోలు దిగి, పోస్టర్ తీసుకుని వచ్చేయకండి. క్వేక్‌కాన్ అంటే బీవైఓసీ. ఎవరి కంప్యూటర్ వాళ్లు తెచ్చుకుని ఆడుకునే హాలు అది. పెద్ద చీకటి హాల్లో వరసలు వరసలుగా బల్లలు వేసి, ఒక్కొక్కరికి ఒక కుర్చీ, కరెంటు, నెట్‌వర్క్ కనెక్షన్ ఇస్తారు. పండగ జరిగే నాలుగు రోజులూ ఇరవై నాలుగు గంటలూ ఆ హాలు తెరిచే ఉంటుంది. కొందరు తమ కంప్యూటర్ క్యాబినెట్లనే నెలల తరబడి కష్టపడి తీర్చిదిద్దుకుని తెస్తారు. మీరు ఆగి చూస్తే ఏ భాగం ఎక్కడ కొన్నారో, ఏ పైపు ఎలా వంచారో ఓపిగ్గా చెబుతారు. పక్కసీటులో కూర్చునేది యాభై ఏళ్ల మనిషి కావచ్చు, తండ్రితో వచ్చిన కుర్రాడు కావచ్చు. నాలుగు రోజులు పక్కపక్కన కూర్చుంటే కుదిరే స్నేహం గంటసేపు బూత్‌ల మధ్య తిరిగితే కుదరదు. ఈ హాల్లో సీటుకి మాత్రం టికెట్ కొనాలి, అవి త్వరగా అయిపోతాయి.

దీనికోసం కొత్త క్రెడిట్ కార్డు మీద గేమింగ్ పీసీ మాత్రం కొనకండి. మొదటి సెమిస్టర్లో ఆ అప్పు నెత్తి మీద పెట్టుకోవడం అవసరం లేదు. క్వేక్ 3కి కొనసాగింపు లాంటి క్వేక్ లైవ్ స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో దొరుకుతుంది, అది మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న ల్యాప్‌టాప్ ఛార్జర్ మీద 100-240 వోల్టులు అని రాసి ఉందో లేదో చూసుకోండి, ఉంటే ప్లగ్ అడాప్టర్ చాలు. ఇక్కడి కరెంటు 120 వోల్టులు. మానిటరో, డెస్క్‌టాపో తెచ్చుకున్నవాళ్లు కూడా వెనకాల లేబుల్ చూడకుండా ప్లగ్ పెట్టకండి. మన ఊరి ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఇక్కడ వద్దు. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న పవర్ స్ట్రిప్ ఇక్కడే కొనుక్కోండి. దాంతో పాటు పొడవాటి ఈథర్‌నెట్ కేబుల్, వైరున్న హెడ్‌ఫోన్లు తీసుకెళ్లండి. ల్యాప్‌టాప్‌కి నెట్‌వర్క్ పోర్టు లేకపోతే అడాప్టర్ కూడా కావాలి. అంతమంది ఉన్న హాల్లో స్పీకర్లు పెట్టడం మర్యాద కాదు.

ఆటలు, విండోస్ అప్‌డేట్లు ఇంట్లోనే పూర్తిచేసుకుని వెళ్లండి. మీకు తెలియని వందల కంప్యూటర్లతో ఒకే నెట్‌వర్క్‌లో ఉంటారు కాబట్టి నెట్‌వర్క్ ప్రొఫైల్ "పబ్లిక్" అని పెట్టి, ఫైల్ షేరింగ్ ఆపేయండి. ప్రాజెక్టులు, ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) కాపీలు, పాస్‌పోర్ట్ స్కాన్లు అదే మెషీన్లో ఉంటే ముందే వేరేచోట దాచుకోండి. హెచ్‌1 వర్క్ వీసా మీద పనిచేసేవాళ్లకి ఒకటే మాట: ఆఫీసు ల్యాప్‌టాప్ ఈ హాల్లోకి తేవద్దు. ఉద్యోగానికే ముప్పు రావచ్చు.

ప్రయాణం సంగతి. గేలార్డ్ టెక్సన్ డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్-ఫోర్ట్‌వర్త్) ఎయిర్‌పోర్ట్‌కి దగ్గర్లో, గ్రేప్‌వైన్ చెరువు ఒడ్డున ఉంటుంది. 2025 అక్టోబర్‌లో మొదలైన డార్ట్ సిల్వర్ లైన్ రైలు యూటీ డాలస్ స్టేషన్ మీదుగా ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తుంది. డీఎఫ్‌డబ్ల్యూ నార్త్‌లో దిగి టెక్స్‌రైల్ అనే ఇంకో రైలు ఎక్కితే తర్వాతి స్టేషన్ గ్రేప్‌వైన్ మెయిన్ స్ట్రీట్. అక్కణ్నుంచి ఊబర్ ఎక్కండి. ఆగస్టు ఎండలో నడిచి వెళ్లే ఆలోచన పెట్టుకోకండి, బయట వంద ఫారెన్‌హీట్ దాటుతుంది. లోపల మాత్రం ఏసీకి వణుకు పుడుతుంది, పల్చటి స్వెట్టర్ ఉంచుకోండి. ఆఖరి రైలు ఎన్నింటికో ముందే చూసుకోండి. కంప్యూటర్ మోసుకెళ్లేవాళ్లు నలుగురు కలిసి ఒక కారులో వెళ్తే హోటల్ పార్కింగ్ ఖర్చు పంచుకోవచ్చు. రాత్రంతా ఆడి, నిద్రమత్తుతో తెల్లవారుజామున 121 హైవే మీద కారు నడపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఈ దేశంలో డ్రైవింగ్ ఇంకా చేతికి అలవాటు కాని నెలలవి. కాసేపు పడుకుని వెళ్లండి, లేదా క్యాబ్ పిలవండి.

తిండికి హోటల్లో ధరలు ఎక్కువ. పక్క ఊరు ఇర్వింగ్ దగ్గరే, ఇడ్లీ దోశలకి అక్కడ లోటు లేదు.

మర్యాదల్లో మూడు విషయాలు మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. ఆటల్లోని పాత్రల వేషాలు వేసుకుని వచ్చినవాళ్లని అడగకుండా ఫోటో తీయకండి, భుజం మీద చెయ్యి వేయకండి. ముఖ్యంగా అమ్మాయిల విషయంలో. అడిగితే చాలామంది సంతోషంగా నిలబడతారు. మీరే డూమ్ సైనికుడి వేషం వేస్తే బొమ్మ తుపాకీని బ్యాగులోనో, గుడ్డలోనో చుట్టి తీసుకెళ్లండి. రోడ్డు మీద, రైల్లో, పార్కింగ్ లాట్‌లో అది బయటికి కనిపించకూడదు. టెక్సస్‌లో దాన్ని నిజమైనదనుకుంటే మీ ప్రాణం మీదికి వస్తుంది. ఎలాంటి వస్తువులు అనుమతిస్తారో ఆ ఏటి నిబంధనల్లో చదివాకే వేషం కుట్టించుకోండి.

మూడోది రెజ్యూమె. ఆట తయారుచేసిన ఇంజినీరు కనిపించగానే "సార్, మీ కంపెనీలో ఇంటర్న్‌షిప్ ఉందా, స్పాన్సర్ చేస్తారా" అని మొదలుపెడితే ఆ మనిషి మొహమాటంగా నవ్వి పక్కకి వెళ్లిపోతాడు. మీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నది అడగండి. ఇడ్ తన పాత ఆటల సోర్స్ కోడ్ బయటపెట్టిన కంపెనీ. డూమ్‌ది 1997లో, క్వేక్‌ది 1999లో, క్వేక్ 3ది 2005లో ఇచ్చారు. వెళ్లే ముందు రెండు సాయంత్రాలు ఆ కోడ్ తెరిచి చూడండి. అందులో అర్థం కాని ఒక చోటు గురించి అడిగితే పది నిమిషాలు నిలబడి చెబుతారు. గేమ్ ప్రోగ్రామింగ్‌లోకి వెళ్లాలనుకునే విద్యార్థికి ఆ పది నిమిషాలు ఏ జాబ్ ఫెయిర్‌లోనూ దొరకవు.

ఇప్పుడు వీసా. ప్రేక్షకుడిగా వెళ్లడానికి, ఆడుకోవడానికి ఏ వీసాకీ ఇబ్బంది లేదు. డబ్బు చేతులు మారే చోట, పనిలా కనిపించే చోట ఆగి ఆలోచించాలి. టోర్నమెంట్‌లో నగదు బహుమతి ఉంటే పేరు ఇచ్చే ముందే మీ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓని (విద్యార్థి వీసా సంగతులు చూసే అధికారిని), హెచ్‌1 వాళ్లయితే లాయర్ని అడగండి. జవాబు ఈమెయిల్లో తీసుకోండి. గెలిచిన డబ్బుకి పన్ను కూడా ఉంటుంది. ఎఫ్‌1 మీద ఉన్నవాళ్లు సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కల్లో నాన్-రెసిడెంట్లు. వాళ్ల బహుమతిలో మామూలుగా 30 శాతం ముందే పట్టుకుంటారు. నిర్వాహకులు అందరికీ ఇచ్చినట్టే డబ్ల్యూ-9 పన్ను ఫారం ఇస్తే సంతకం పెట్టకండి, నాన్-రెసిడెంట్లుగా మీరు ఇవ్వాల్సింది డబ్ల్యూ-8బెన్ ఫారం. లక్కీ డ్రాలో గ్రాఫిక్స్ కార్డు వచ్చినా దాని విలువ ఆదాయం కిందికే వస్తుంది.

అక్కడి సందడి వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టుకోవడం తప్పు కాదు. దాని మీద ప్రకటనల డబ్బు, ట్విచ్ లైవ్ స్ట్రీమింగ్‌లో విరాళాలు తీసుకోవడం మాత్రం ఎఫ్‌1 వాళ్లకీ, పని అనుమతి లేని హెచ్‌4 వాళ్లకీ (హెచ్‌1 వాళ్ల భార్య, భర్త, పిల్లలకీ) ప్రమాదం. హెచ్‌1 ఉన్నా ఆ అనుమతి మీ కంపెనీ పనికి మాత్రమే. వాలంటీర్‌గా చేరాలన్న ఉత్సాహం మంచిదే. కానీ బదులుగా గదో, ఇంకేదైనా విలువైనదో ఇస్తే అది జీతం కిందికి వచ్చే వీలుంది. దాన్ని కూడా డీఎస్‌ఓని అడిగాకే ఒప్పుకోండి.

పిల్లలతో వెళ్లే తల్లిదండ్రులు ఒకటి గుర్తుంచుకోండి. డూమ్ లాంటి ఆటలకి 17 ఏళ్లు పైబడినవాళ్లకే అన్న రేటింగ్ ఉంటుంది. తెరల మీద రక్తపాతం బాగానే కనిపిస్తుంది. వయసు చూపించడానికి ఫోటో గుర్తింపు కార్డు అడగవచ్చు కాబట్టి అందరూ దగ్గర ఉంచుకోండి.

తేదీలు ఏటా ఆగస్టు మొదటి రెండు వారాల్లో గురువారం నుంచి ఆదివారం దాకా పడుతున్నాయి. మీ కాలేజీ ఓరియంటేషన్, ఇంటర్నేషనల్ చెక్-ఇన్ అదే వారంలో ఉంటే వాటికే ముందు వెళ్లండి. వీసా స్టాంప్ అయ్యి, విమానం టికెట్ చేతికి వచ్చేదాకా బీవైఓసీ సీటు కొనకండి, డబ్బు తిరిగి వస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. అప్పటికి సీట్లు అయిపోయి ఉంటే మొదటి ఏడాది ఉచిత ప్రవేశంతోనే శుక్రవారమో శనివారమో ఒక రోజు పూర్తిగా గడపండి. పెద్ద తెర మీద ఫైనల్ మ్యాచ్ ఏదైనా జరుగుతుంటే జనం మధ్యలో కూర్చుని చూడండి.