పదేళ్ల పిల్లాడికి ఏ ఓపెనింగ్? తెల్లతో ఒకటి, నల్లతో రెండు చాలు

మీరు అడిగింది ఇది: విజయనగరంలో నాలుగో తరగతి చదివే మీ బాబు ఆర్నెల్లుగా చెస్ ఆడుతున్నాడు. వీడియోలు చూసి సిసిలియన్, కింగ్స్ ఇండియన్ అనే ఓపెనింగులు (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలు) పదేసి ఎత్తులు బట్టీ పట్టాడు. అయినా పన్నెండో ఎత్తు దాటకుండానే గుర్రమో ఏనుగో పోగొట్టుకుంటున్నాడు. ఇప్పుడు ఏ ఓపెనింగ్ నేర్పాలి?

ముందు ఆ రెండూ పక్కన పెట్టించండి. అవి చెడ్డవని కాదు. పిల్లల ఆటలో అవతలివాడు మూడో నాలుగో ఎత్తుకే పుస్తకంలో లేనిది వేస్తాడు, బట్టీ పట్టింది అక్కడితో సరి. "ఈ ఎత్తు ఎందుకు వేశావురా?" అంటే వాడు నోటితో జవాబు చెప్పగలగాలి. అలా చెప్పగలిగే ఓపెనింగే వాడికి తగింది.

ఇంకో సంగతి చూసుకోండి. మన పల్లెల్లో అరుగుల మీద తాతల దగ్గర నేర్చిన పిల్లలకి పాత పద్ధతి అలవాటుంటుంది: బంటు మొదట్లోనూ ఒక్క గడే, క్యాజ్లింగ్ (రాజు ఏనుగు వైపు రెండు గడులు జరిగితే ఏనుగు వాడిని దాటి పక్కన నిలవడం) ఉండదు, బదులుగా రాజు ఒక్కసారి గుర్రం గెంతు గెంతుతాడు. అది మంచి ఆటే గానీ కింద చెప్పేవేవీ దానికి అతకవు. ఇక్కడ శకటు అంటే బిషప్, ఏనుగు అంటే రూక్, మంత్రి అంటే క్వీన్ అనుకుని చదవండి. ఇ4 లాంటి గడి పేరులో అక్షరం నిలువు వరసది, అంకె అడ్డు వరసది; పావు పేరు చెప్పకపోతే అది బంటు ఎత్తు.

తెల్లతో ఇటాలియన్ నేర్పండి. ఇ4, అవతల ఇ5. గుర్రం ఎఫ్3 ఆ బంటు మీదికి వెళ్తుంది, నల్లవాడు గుర్రం సి6తో కాపు కాస్తాడు. శకటు సి4కి వస్తే ఎఫ్7 మీద కన్నుంటుంది, ఎందుకంటే మొదట్లో ఆ బంటుకి రాజు తప్ప వేరే కాపలా లేదు. నల్లవాడూ శకటు సి5 వేస్తే సి3, డి3, క్యాజ్లింగ్. సి3 వల్ల తర్వాత డి4కి బలం ఉంటుంది, శకటు వెనక్కి రావడానికి సి2 గడి దొరుకుతుంది. డి3 ఆపి వెంటనే డి4 తోస్తే బంట్లు మార్పిడై, నల్ల శకటు బి4 నుంచి చెక్ చెబుతుంది, ఇ4 బంటుకీ కాపలా ఉండదు. ఆ గొడవ వచ్చే ఏడాదికి వదిలేయండి.

క్యాజ్లింగ్ అయ్యాక ఏనుగు ఇ1, తర్వాత రెండో గుర్రం డి2, ఎఫ్1, జి3. ఈ వరస చాలామంది పిల్లలు తప్పుతారు. ఏనుగు ముందు జరగకపోతే ఎఫ్1 ఖాళీ అవదు, గుర్రం డి2లోనే కూర్చుని సొంత శకటుకి దారి మూస్తుంది. ఇంకో తప్పు, గుర్రాన్ని బేగి జి5కి గెంతించడం. నల్ల శకటు సి5కి వచ్చాక, ఎఫ్6 ఖాళీగా ఉన్నంతసేపు డి8లోని మంత్రి నేరుగా జి5ని చూస్తూ ఉంటుంది. గుర్రం ఊరికే పోతుంది.

సిసిలియన్ (ఇ4కి నల్ల సి5) ఎదురైతే సి3 వేసి డి4. ఫ్రెంచ్ (ఇ4కి ఇ6), కారో-కాన్ (ఇ4కి సి6) అయితే డి4 తర్వాత డి5లో బంటు మార్చేయండి. కారో-కాన్‌లో ఆ వెంటనే శకటు డి3 వేస్తే నల్ల శకటుకి ఎఫ్5 గడి దక్కదు. ఇంతకంటే ఇప్పుడు అక్కర్లేదు.

నల్లతో ఇ4కి ఇ5. ఇక్కడ ముందు నేర్పాల్సింది రెండో ఎత్తుకే మంత్రి హెచ్5 వేసే వాళ్లని ఆపడం, కొత్తవాళ్ల ఆటల్లో అది తరచూ వస్తుంది. భయపడి జి6 వేస్తే మంత్రి ఇ5 బంటుని చెక్‌తో కొట్టి, తర్వాత మూలనున్న ఏనుగునీ తీసుకుంటుంది. ముందు గుర్రం సి6. అప్పుడు శకటు సి4కి వస్తుంది, ఎఫ్7 మీద ఆటకట్టు పొంచి ఉంటుంది. జి6 వేయాల్సింది ఇప్పుడు. మంత్రి ఎఫ్3కి జరిగి మళ్లీ ఎఫ్7 చూస్తే గుర్రం ఎఫ్6 అడ్డం. ఈ రెండూ తారుమారై జి6 కంటే ముందు గుర్రం ఎఫ్6 వేశాడా, ఆట ముగిసినట్టే. బోర్డు మీద పదిసార్లు చేయించండి.

అవతలివాడు ఇటాలియన్ ఆడితే శకటు సి5 మేలు. గుర్రం ఎఫ్6 వేస్తే తెల్ల గుర్రం జి5కి వస్తుంది. అప్పుడు డి5 వేసి, వాళ్లు బంటు కొట్టాక తిరిగి గుర్రంతో కొట్టకుండా సి6 గుర్రాన్ని ఎ5కి జరపాలి. తిరిగి కొడితే తెల్ల గుర్రం ఎఫ్7లో పడి రాజుని నడిబోర్డుకి లాగుతుంది. రుయ్ లోపెజ్‌లో శకటు బి5కి వస్తే ఎ6. శకటు గుర్రాన్ని కొట్టి, మీరు డి బంటుతో తిరిగి కొట్టాక ఇ5 బంటు పోయిందని కంగారు పడక్కర్లేదు. మంత్రి డి4 వేస్తే గుర్రం, ఇ4 బంటు రెండూ దెబ్బలో ఉంటాయి, మీ బంటు మీకొస్తుంది.

డి4కి డి5, సి4 వస్తే ఇ6, ఆపైన గుర్రం ఎఫ్6, శకటు ఇ7, క్యాజ్లింగ్. సి8 శకటు లోపలే ఉండిపోతుంది, తీరిక చూసుకుని బి6 వేసి బి7లో పెట్టాలి. సి4 బంటు తినడం తప్పు కాదు, దాన్ని పట్టుకుని వేలాడటం తప్పు. తిన్నాక తెల్ల ఇ3కి బి5 అంటే, ఎ4, సి6, బి5లో మార్పిడి, ఆ తర్వాత మంత్రి ఎఫ్3. మూలనున్న ఏనుగుని కాపాడాలంటే గుర్రాన్నో శకటునో వదులుకోవాలి.

రోజుకి గంట కూర్చుంటే ఓపెనింగ్‌కి పావుగంట చాలు, మిగతాది పజిల్స్‌కి. పన్నెండో ఎత్తుకి పావులు పోవడం చూడక జరిగేది, దానికి మందు ఓపెనింగ్‌లో లేదు. మూడు నిమిషాల ఆటలు మాన్పించి పదిహేను నిమిషాలవి ఆడించండి. ఎత్తులు రాయించండి. ఆట అయ్యాక, తనకు తెలియని ఎత్తు మొదట ఎక్కడ ఎదురైందో అక్కడ గీత గీసి, లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూసి, సరైన జవాబు ఒక్కటే నోటుబుక్కులో రాసుకోమనండి.

టోర్నీకి వెళ్లేముందు క్యాజ్లింగ్ ఒంటి చేత్తో, రాజుని ముందు ముట్టుకుని చేయడం అలవాటు చేయించండి. ఏనుగుని ముందు ముట్టుకుంటే, అవతలివాడు ఆర్బిటర్‌ని (టోర్నీ రిఫరీని) పిలిస్తే, ఆ ఎత్తులో ఆ వైపు క్యాజ్లింగ్ కుదరదు, ఏనుగునే కదపాలి.